జెండా కట్టేవాడి మాట

జెండా ఎగరేసినవాళ్ల పేరు మైకులో వినిపిస్తుంది. కట్టినవాడి పేరు మాత్రం అది విచ్చుకోకపోతేనే వినిపిస్తుంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో ఒక ఉన్నత పాఠశాలలో 31 ఏళ్లు అటెండరుగా పనిచేశాను. ఏడాదికి రెండుసార్ల లెక్కన 62 సార్లు జెండా కట్టాను. నా పేరు ఊరంతా వినిపించింది ఒక్కసారే, ఉద్యోగంలో చేరిన మొదటి ఆగస్టులో.

ముఖ్య అతిథి తాడు లాగారు. మూట కదల్లేదు. ఇంకోసారి లాగారు. ముడి మరింత బిగిసింది. ఆయన మూడోసారి లాగేసరికి మూట స్తంభం పైన దిష్టి గుమ్మడికాయలా ఊగుతూ ఉండిపోయింది. పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు గారు నా పేరు పెట్టి గట్టిగా పిలిచారు. ఎదురుగానే మైకు ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు వెనుక వరుసలోంచి మా బావ లేచి వచ్చాడు. మా అక్క భర్త, అప్పటికి కొద్దికాలం కిందటే సైన్యం నుంచి వచ్చేసి ఊళ్లో ఉంటున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తాడు దించాడు, మూట విప్పాడు, మళ్లీ చుట్టి పైకి పంపాడు. వెళ్లి తన చోట నిలబడ్డాడు. ఈసారి ఒక్క లాగుకే పూలరేకులు రాలాయి.

సాయంత్రం ఇంటికి పిలిచి, "నువ్వు ముడి వేశావురా. అక్కడ వేయాల్సింది మెలిక" అన్నాడు. వసారా స్తంభానికి నులక తాడు కట్టి, తుండుగుడ్డను జెండా అనుకోమని, దీపాలు పెట్టేవేళ దాకా ఇరవైసార్లు కట్టించాడు. ఈ రోజుకీ ఆగస్టు 13 వస్తే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకేసారి రాసి పెడుతున్నాను.

జెండా పని వారం ముందు మొదలుపెట్టాలి, అదీ జెండాతో కాదు, కప్పీతో. మాకు మైపాడు సముద్రం పక్కనే. ఉప్పుగాలికి ఇనుప కప్పీ ఆరు నెలల్లో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. నిచ్చెన వేసి ఎక్కి, తుప్పు గీకి, కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము పట్టి రెండో నెలకే జిగురవుతుంది. తాడు పొడవు స్తంభం ఎత్తుకు రెండింతలు, ఆపైన రెండు బారలు ఉండాలి. నూలు తాడు చేతికి బాగుంటుంది కానీ వాన పడితే ఉబ్బి కప్పీలో ఇరుక్కుంటుంది. ఆగస్టులో మాకు పెద్ద వానలు లేకపోయినా సరిగ్గా ఆ పూటే ఒక జల్లు పడుతుంది. నైలాను తాడే మేలు. అది జారుతుంది కాబట్టి జెండా చెవులకు, అంటే తాడు కట్టే పై, కింది మూలలకు, ముడి రెండుసార్లు వేయాలి. ఖాళీ తాడు లాగి చూసి సరిపోయిందనుకోకండి. తుండుగుడ్డ కట్టి పైదాకా పంపి దించి చూడండి. బరువు లేనప్పుడు తిరిగిన కప్పీ బరువు పడగానే మొరాయించడం నేను ఎన్నిసార్లు చూశానో.

జెండా కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. 900 మిల్లీమీటర్లకు 600 అంటే మా లెక్కలో మూడడుగులకు రెండడుగులు. పాఠశాల స్తంభానికి 1800కు 1200 బాగుంటుంది. అదే ఆరడుగులకు నాలుగు. రెండోది చక్రం. 24 ఆకులు ఉన్నాయా లేదా లెక్కపెట్టండి. చౌకరకం జెండాల్లో చక్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటుంది, ఆకులు ఇరవయ్యో ఇరవై రెండో ఉంటాయి. మూడోది, చక్రం రెండు వైపులా కనిపించాలి. ఖాదీ జెండాయే కొనాలన్న నియమం ఇప్పుడు లేదు. 2021 డిసెంబరులో జెండా నియమావళిని సవరించి పాలిస్టరునూ మిషనుపై నేసిన బట్టనూ అనుమతించారు. నేను మాత్రం ఖాదీయే కొంటాను. దానికి నా కారణం వేరే ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు గాంధీకి జెండా నమూనా చూపించారు. ఆ తర్వాత వారం రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 7న, గాంధీ మా పెన్న ఒడ్డున పల్లిపాడులో ఆశ్రమం ప్రారంభించారు. అక్కడ రాట్నాలు తిరిగాయి. పెన్నకు ఇంత దగ్గరగా ఉండి పాలిస్టరు జెండా కట్టడానికి నాకు చెయ్యి రాదు. అది నా పట్టింపు, మీరు పాటించనక్కర్లేదు.

ఇక కట్టడం. తొందర లేకుండా చదవండి, వీలైతే ఒక తువ్వాలు చేతిలో పెట్టుకుని చదవండి.

తాడు ఒక కొస జెండా పై చెవికి, రెండో కొస కింది చెవికి కట్టాలి. అప్పుడు తాడు, జెండా కలిసి ఒక చుట్టు అవుతాయి. పై చెవి అంటే కాషాయం వైపుది. ఇందులో తప్పు చేస్తే జెండా తలకిందులుగా ఎగురుతుంది. తప్పించుకోవడానికి బావ చెప్పిన ఉపాయం ఇది: పైకి వెళ్లే కొసకు ఎర్రదారం నాలుగు చుట్లు చుట్టి ఉంచండి. కరెంటు లేని తెల్లవారుజామున కూడా చేతికి తగులుతుంది. తర్వాత ఇద్దరు పట్టుకుని జెండాను పొడవునా సగానికి, మళ్లీ సగానికి మడవాలి. కింద చాప వేసుకున్నా సరే, జెండా నేలకు తగలకూడదు. బల్ల మీద మడవడం ఉత్తమం. ఎగిరే అంచు నుంచి తాడు వైపుకు, విసనకర్ర మడతల్లా వెనక్కీ ముందుకీ మడుచుకుంటూ రండి. మధ్యలో పూలరేకులు పెట్టాలి. గులాబీ, బంతి రేకులు మాత్రమే వాడండి. చామంతిని విడదీయకుండా గుత్తిగా పెడితే బరువుకు ఒకేచోట ధబ్బున పడుతుంది. తడి పూలు వద్దు. తెల్లబట్టకు మరక పడితే పోదు.

మెలిక దగ్గరే అందరూ పొరపడతారు. జెండా కింది చెవి నుంచి కిందికి వచ్చే తాడును మూట చుట్టూ రెండు చుట్లు తిప్పండి. మూడో చుట్టు తిప్పబోయి ఆగి, తాడును వేలంత మడతగా చేసి, ఆ మడతను మాత్రమే రెండో చుట్టు కిందికి దూర్చండి. కొసను దూర్చకూడదు, దూర్చితే ముడి అవుతుంది. మడత దూర్చాక కింది తాడును మెల్లగా లాగి చూస్తే మడత జారి రావాలి. ఎంత బిగువు అంటే, మూటను పట్టుకుని ఊపితే ఊడకూడదు, చిటికెన వేలితో తాడు లాగితే ఊడాలి. మళ్లీ చుట్టి పైకి పంపండి. పంపేటప్పుడు పై తాడునే లాగాలి. కింది తాడు పట్టుకుంటే దారిలోనే విచ్చుకుంటుంది. ఏ తాడు లాగాలో ముఖ్య అతిథికి ముందే చూపించండి. దానికి మీరు సిగ్గుపడొద్దు, ఆయన్నీ సిగ్గుపడనివ్వొద్దు.

ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి ఎగరేయాలి, జనవరి 26న పైనే కట్టి ఉంచి విప్పాలి. 1947లో కొత్తగా పైకి లేచింది, 1950 నాటికి పైనే ఉంది అన్నది దానికి చెప్పే అర్థం. మా చుట్టుపక్కల రెండు రోజులూ పైనే మూట కట్టడం అలవాటైపోయింది. ఆగస్టులోనైనా కింది నుంచి లాగించండి. చకచకా పైకి వెళ్లాలి. దించేటప్పుడు నెమ్మదిగా దించాలి.

చేయకూడనివి కొన్ని త్వరగా చెబుతాను. అదే స్తంభానికి ఇంకే జెండా కట్టొద్దు. పార్టీ జెండా దానికంటే ఎత్తులో గానీ దాని పక్కన గానీ ఉండకూడదు. జెండాను బల్ల మీద గుడ్డలా పరచకూడదు, బండి బానెట్ మీద కప్పకూడదు. జెండా మీద అక్షరం రాయకూడదు. ఒక ఏడాది ఒక దాత మూడు డజన్ల జెండాలు ఇచ్చారు, తెల్ల పట్టీ అంచున చిన్న అక్షరాలతో తన పేరు అచ్చు వేయించి. వాటిని కట్టనన్నాను. అటెండరు అలా అంటే వినే పరిస్థితి ఉంటుందా? 1971 నాటి చట్టంలో జెండాను అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు ఉందని బావ వచ్చి చెబితే గానీ అవి పక్కకు పోలేదు.

జెండా ఎగిరాక జాతీయ గీతం పూర్తిగా పాడితే 52 సెకన్లు. అంతసేపు ఫోను జేబులో ఉంటే చాలు. యూనిఫారంలో ఉన్నవాళ్లు సెల్యూట్ చేస్తారు, మిగిలినవాళ్లు జెండా వైపు తిరిగి కదలకుండా నిలబడాలి. మా బావ సెల్యూట్ చేయడు. తల మీద టోపీ లేకుండా సైన్యంలో సెల్యూట్ చేయరట. రెండు చేతులూ పంచె అంచుకు ఆనించి నిటారుగా నిలబడతాడు. పక్కన ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టి ఫొటోకు చూస్తున్నవాళ్లతో పోల్చి చూసేవాణ్ణి నేను.

బిస్కట్లు, చాక్లెట్లు పంచగానే అందరూ వెళ్లిపోతారు. సాయంత్రం దించేది ఎవరో పొద్దున్నే అనుకోండి. పాఠశాలలో అయితే సూర్యాస్తమయానికి దించేసేవాళ్లం. 2022 జులై నుంచి ఇళ్ల మీద జెండా రాత్రీ పగలూ ఉంచుకోవచ్చని సవరించారు. అయినా గాలికి ముందు చివరి అంచే పీలికలవుతుంది. చిరిగిన జెండా ఎగరకూడదు. వారానికోసారి ఆ అంచు చూడండి. పాతబడిన జెండాను చించి గుడ్డపీలికలుగా వాడకూడదు. నలుగురి కంట పడకుండా, ముక్కలు చేయకుండా మొత్తంగా కాల్చేయాలి. పిల్లల చేతి కాగితం జెండాలదీ అదే దారి. నేను సాయంత్రం గోతాం పట్టుకుని మైదానం, కాలువ గట్టు, బడ్డీకొట్ల ముందు అంతా తిరిగేవాణ్ణి. రెండు మూడు వందలు దొరికేవి. ప్లాస్టిక్ జెండాలు కొననే కొనకండి. కాల్చలేం, పాతలేం.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నేళ్లలో జెండా కట్టడం నాకు బాగా వచ్చింది కానీ, దాని కింద పనిచేసి వచ్చినవాళ్లను పిలవడం మాత్రం ఆలస్యంగా వచ్చింది. మా ఊళ్లో మిలిటరీ వాళ్లు గుర్తొచ్చేది క్యాంటీన్ సీసా కోసమే. నేనూ అడిగినవాణ్ణే, దాచుకోను. బావ తన కోటాలోంచి ఒకటి ఇచ్చి, "జెండా పండుగకు మాత్రం వెనుక వరుసలో కూర్చోబెడతారు" అని నవ్వాడు. నవ్వాడు కానీ నాకు గుచ్చుకుంది.

ఆ మరుసటి ఏడు నుంచి నేను పాటించిన పద్ధతి ఇది. వాట్సాప్‌లో పంపకండి, రెండు రోజుల ముందు ఇంటికి వెళ్లి పిలవండి. పేరుకు ముందు హోదా చెప్పండి: హవల్దారు గారు, సుబేదారు గారు. రిటైరైనా హోదా పోదు. కార్డు వేస్తే చివర 'రిటైర్డ్' అని చేర్చండి. మా బావ హవల్దారుగా దిగి, తర్వాత గౌరవ నాయబ్ సుబేదారు అయ్యాడు. ఆ గౌరవ హోదాను మైకులో తప్పుగా చదివితే మొహం మాడ్చుకుంటాడు, పైకి అనడు. అందుకే డిశ్చార్జ్ బుక్కు చూసి రాసుకోండి. మెడల్స్ పెట్టుకుని రమ్మని అడగండి. చాలామంది తమంతట తాము పెట్టుకోరు. బావకు 1971 యుద్ధానికి వచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1972లో స్వాతంత్ర్యానికి 25 ఏళ్లు నిండినప్పుడు ఇచ్చిన మెడల్ ఉన్నాయి. అవి ఎడమ ఛాతీ మీద పెట్టుకోవాలి. నేను కుడివైపు గుచ్చబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాడు.

కుర్చీలు నీడలో వేయండి. మా దగ్గర ఆగస్టు ఎండ తొమ్మిదింటికే మాడుస్తుంది. డెబ్బై దాటినవాళ్లను అతిథుల కోసం గంటన్నర ఎండలో కాయించడం సన్మానం కాదు. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూపించండి. ఎవరూ ఆలోచించరు దీన్ని. వాళ్లలో ఒకరి చేత తాడు లాగించాలనుకుంటే, దిమ్మె మెట్లు ఎక్కగలరా అని విడిగా అడగండి, నలుగురిలో కాదు. శాలువా కప్పి ఫొటో తీసి దించేయకండి. పిల్లలతో పది నిమిషాలు కూర్చోబెట్టండి.

పిల్లలకు ఒక్క మాట ముందే చెప్పాలి: "ఎంతమందిని చంపారు?" అని అడగకూడదు. ఒకసారి ఒకడు అడిగాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నుంచి ప్రశ్నలు నేనే ఇచ్చాను. ఏ ఊళ్లలో ఉన్నారు? చలికి ఏం కట్టుకునేవాళ్లు? ఉత్తరం ఇంటికి ఎన్నాళ్లకు చేరేది? సంక్రాంతికి సెలవు దొరికేదా? బావ సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశాడు. బెంగళూరులో శిక్షణ. అక్కడ వాళ్లందరినీ 'తంబీ' అని పిలుస్తారని చెబితే పిల్లలు ఏడాది పొడుగునా ఆయన్ని తంబీ తాతా అన్నారు. వంతెనలు వేయడం, మందుపాతరలు వెతికి తీయడం వాళ్ల పని. మందుపాతర కోసం నేలను ఎలా గుచ్చి చూస్తారో చీపురుపుల్లతో చూపించాడు, ఏటవాలుగా, నిదానంగా. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఏ ఉపన్యాసానికీ అంత నిశ్శబ్దం రాలేదు.

రెండు పండుగలతోనే ఆపకండి. జులై 26 కార్గిల్ విజయ దినం. డిసెంబరు 16 బంగ్లాదేశ్ యుద్ధంలో గెలిచిన రోజు. జనవరి 14 మాజీ సైనికుల దినం. అది మనకు సంక్రాంతి రోజుల్లో పడుతుంది కాబట్టి ఊరంతా ఊళ్లోనే ఉంటుంది, సెలవు మీద వచ్చిన కుర్రజవాన్లూ ఉంటారు. ముసలివాళ్లనూ వాళ్లనూ ఒకే అరుగు మీద కూర్చోబెడితే మీరు ఇంకేమీ చేయనక్కర్లేదు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుపుతున్నారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాలు ఇచ్చి విరాళం తీసుకుంటారు. మూడు రంగులు మూడు దళాలకు. డబ్బా డబ్బులను ఇద్దరి ఎదుట లెక్కపెట్టి, నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి, రసీదును నోటీసు బోర్డు మీద అంటించండి. రసీదు కనిపించిన ఏడాది తర్వాతి ఏడాది డబ్బా బరువెక్కుతుంది.

శాలువా కంటే వాళ్లకు అక్కరకొచ్చేది ఒకటుంది. పింఛను తీసుకునేవాళ్లు ఏడాదికోసారి బతికున్నామని ధ్రువీకరించాలి. పొలం పని చేసిన వేళ్లకు గీతలు అరిగిపోయి వేలిముద్ర యంత్రం తీసుకోదు. ఎండలో మూడుసార్లు తిరిగి ఇంటికి వచ్చేస్తారు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఆ పని చేయవచ్చు. మీ వీధిలో ఉన్న మాజీ సైనికుడి ఇంటికి మీ ఇంట్లో కుర్రవాణ్ణి పంపండి, పది నిమిషాల పని. అలాగే పింఛను ఉత్తర్వులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని ఆయన బతికుండగానే చూడండి. మా ఊళ్లో ఒకావిడ పేరులో ఒక్క అక్షరం తేడా ఉంది. భర్త పోయాక కుటుంబ పింఛను కోసం ఆ అక్షరం వెంట పద్నాలుగు నెలలు తిరిగింది. ఆవిడ భర్తకు మేము రెండు శాలువాలు కప్పాం.

ఆయన పోయిన రోజే నేర్చుకున్నది ఇంకొకటి. కుర్రాళ్లు పరుగెత్తుకెళ్లి పాఠశాల జెండా ఇమ్మన్నారు, పాడె మీద కప్పడానికి. నేను బీరువా తాళం తీశాను కూడా. బావ అడ్డం వచ్చాడు. ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక, కేంద్ర పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే జెండా కప్పాలి. అక్కడ కూడా కాషాయం తల వైపు ఉంచుతారు, చితికి చేరేలోపు తీసేస్తారు. దాన్ని కాల్చకూడదు, గోతిలోకి దించకూడదు. మామూలు అంత్యక్రియలకు అది లేదు. కుర్రాళ్లకు కోపం వచ్చింది, ఒకడు నోరు జారాడు కూడా. బావ ఇంట్లోకి వెళ్లి, పోయినాయన మెడల్స్ అడిగి తెచ్చి, ఇత్తడి పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి వాటిని పెట్టాడు. ఆ పళ్లెం ఆయన మనవడి చేతికిచ్చి పాడె ముందు నడిపించాడు. ఊళ్లోని ఆరుగురు మాజీ సైనికులు మెడల్స్ పెట్టుకుని రెండు వరుసలుగా నడిచారు. పెన్న ఒడ్డున రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. మీ ఊళ్లో అవసరం పడితే ఇలా చేయండి.

మడత పెట్టడం ఒకటి మిగిలింది. జెండాను అడ్డంగా పట్టుకుని కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెల్ల పట్టీ కిందికి మడవాలి. తర్వాత రెండు చివరల నుంచి మధ్యకు మడుచుకుంటూ వస్తే చివరికి చక్రం, దాని పైనా కిందా కాషాయం, ఆకుపచ్చ కొంచెం కనిపిస్తాయి. చంకలో పెట్టుకోకూడదు. రెండు అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్లాలి. తడి ఉంటే నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి దాచండి. కలరా ఉండలు గుడ్డకు నేరుగా తగిలితే మరక పడుతుంది.

2022లో రాత్రి కూడా ఉంచవచ్చన్నాక బావ ఇంటి మీద జెండా పెట్టుకున్నాడు. చట్టం ఒప్పుకుంటుంది కదా, రోజూ ఎందుకు దించుతావని అడిగితే, "పొద్దు గుంకాక అది పైనుంటే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. పక్కింటి ఏడో తరగతి కుర్రాడు మేడ ఎక్కి దించి, మడిచి, అరచేతుల మీద కిందికి తెస్తాడు. బావ కుర్చీలోంచి లేచి నిలబడి అందుకుంటాడు. ట్రంకు పెట్టెలో మెడల్స్ డబ్బా పక్కన పెట్టే పని మా అక్కది.